పెద్ద వాన పడి కరెంటు బందైతే అసలు ప్లాన్ ఎవరి దగ్గర ఉంటది?

ఓరుగల్లు_పోరడు
మొన్నటి పెద్ద వానకి మా కాలనీల పోయిన కరెంటు రోజులు గడిచినంక గాని రాలె. వాన పడితే కరెంటు పోతది, దాని మీద నాకు పంచాయితీ లేదు. నా పంచాయితీ ఏందంటే ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసు నంబర్ ఇస్తరు, వాళ్ళేమో సబ్‌స్టేషన్ల నీళ్ళు నిలవడ్డయి తోడితే గాని ఆన్ చెయ్యం అంటరు, తోడేటోళ్ళని అడిగితే మోటర్లకి డీజిల్ రావాలె అంటరు, డీజిల్ కోసం బంకుకి పోతే కరెంటు లేదు జనరేటర్ ఖరాబైంది పంపు కొట్టలేం అంటరు. అంటే కరెంటు రావాలంటే డీజిల్ కావాలె, డీజిల్ రావాలంటే కరెంటు కావాలె. ఈ ముడి ఎవరు విప్పాలె? పైన రాష్ట్రం లెవెల్ల అన్ని డిపార్ట్‌మెంట్లని ఒక్క కాడ కూసోబెట్టేటోడు ఎవడన్న ఉన్నడా? ఉంటే ఆ ప్లాన్ కాయితం ఏడ దొరుకుతది? తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్
మా దిక్కు గూడ గదే. నీళ్ళ ట్యాంకర్ గూడ రాలె, ఎందుకంటే నింపే కాడ గూడ కరెంటు లేదట.

హైటెక్‌సిటీ_కిరణ్
బ్రో 2012ల ఉమ్మడి రాష్ట్రంల పవర్ హాలిడేలు చూసినోళ్ళం మనం. ఫ్యాక్టరీలు వారంల కొన్ని రోజులు బంద్ పెట్టుకునేది, ఊర్లల్ల మోటర్ కోసం రాత్రి పూట బావి కాడ పండేది. 2018 జనవరి 1 నుంచి యవుసాయానికి గూడ 24 గంటలు వచ్చింది. ఇప్పుడు ఎమర్జెన్సీ ఏంది, వాన పడితే కొంచెం ఓపిక పట్టాలె అంతే.

ఓరుగల్లు_పోరడు
కిరణ్ అన్నా నేను కరెంటు లేదని అంటలేను, కరెంటు ఉండి గూడ ఇంటిదాక రాకపోతే ఎవరు పట్టించుకోవాలె అంటున్న. రెండు వేరే.

భూపాలపల్లి_బీటెక్
పోరడు అడిగింది కరెక్ట్ ప్రశ్న. కిరణ్ చెప్పేది తయారీ సంగతి, ఈయన చెప్పేది పంచుడు సంగతి. పైన అయితే ప్లాన్ మస్తు గట్టిగనే ఉంటది. హైదరాబాద్ల ఏ ప్లాంటు కరెంటు ఏ దిక్కు ఎంత పోవాలె అని చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్ ఉంది, దాని మీద బెంగళూరుల సదరన్ రీజియన్ సెంటర్, దాని మీద ఢిల్లీల నేషనల్ సెంటర్. 24 గంటలు కూసుంటరు. గ్రిడ్ అంటే ప్లాంట్లని, ఊర్లని కలిపే లైన్లన్ని, అది 50 హెర్ట్జ్ మీద నడవాలె, లోడు ఎక్కువై 49.4 కాడికి పడిందనుకో, మొదటి విడత ఫీడర్లు, అంటే ఊర్లకి కాలనీలకి పోయే లైన్లు, ఎవరూ చెయ్యి పెట్టకుండనే రిలేలు అనే ఆటోమేటిక్ స్విచ్చులు కట్ చేస్తయి, 49.2కి రెండో విడత, అట్ల 48.8 దాక. ఎవరిని అడిగేది లేదు, మీటింగ్ లేదు. మొత్తం గ్రిడ్ పండుకుంటే మళ్ళ ఎట్ల లేపాలె అనేదానికి గూడ కాయితం ఉంటది. థర్మల్ ప్లాంట్ దానంతట అది లేవదు, దాని ఫ్యాన్లకి పంపులకే మెగావాట్ల కొద్ది కరెంటు కావాలె. అందుకే ముందు శ్రీశైలం, సాగర్ లాంటి జల విద్యుత్ యూనిట్‌ని చిన్న డీజిల్ సెట్టుతో లేపి, అండ్లకెళ్ళి థర్మల్‌కి లైన్ ఇచ్చి లేపుతరు. దాన్ని బ్లాక్ స్టార్ట్ అంటరు, దానికి మాక్ డ్రిల్లులు గూడ జరుగుతయి.

2012 జులై 30న, 31న ఉత్తర భారతం పండుకున్నప్పుడు 60 కోట్ల మందికి పైగ చీకట్ల ఉన్నరు, మనకి ఏం కాలె. ఎందుకంటే అప్పటికి దక్షిణాది గ్రిడ్ వేరే నడుస్తుండె, మన రామగుండం కాడికెళ్ళి చంద్రపూర్ దిక్కు పోయే లింకు గూడ డీసీ లింకు, అటు పడ్డది ఇటు గుంజదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్‌తోని ఒక్కటే గ్రిడ్ అయినం. ఇప్పుడు అక్కడ పడితే ఇక్కడ గూడ తగులుతది. అందుకే హైదరాబాద్ అసొంటి నగరాలని పక్కకి తీసి నడిపే ఐలాండింగ్ ఏర్పాట్లు పెట్టుకున్నరు.

పై లెవెల్ల ఇంత ఉంది. 33 కేవీ సబ్‌స్టేషన్ గేటు దాటినంక మాత్రం ఏ ఆఫీసరు ఎంత గట్టోడైతే అంత.

మంచిర్యాల_మామ
ఈ ఆఖరు లైను రాసి ఫ్రేం కట్టియ్యాలె.

గోదావరిఖని_బొగ్గుబాయి
బీటెక్ తమ్ముడు గ్రిడ్ చెప్పిండు, బొగ్గు నేను చెప్త. 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి ఫుల్లుగ నడవాలంటే రోజుకి 7-8 వేల టన్నుల బొగ్గు తింటది. అంటే రెండు గూడ్సు బండ్లు. వానాకాలంల ఓపెన్‌కాస్టుల నీళ్ళు నిండితే డంపర్లు దిగవు, బురదల టైర్లు జారుతయి, మట్టి తీసుడు ఆగుతది, వచ్చిన బొగ్గు గూడ తడిసి బంకర్ల ముద్దలు కట్టి కిందికి జారదు. గని పక్కనే ఉన్న ప్లాంట్లని తక్కువ నిల్వ పెట్టుకోనిస్తరు, దూరం ఉన్నయి ఎక్కువ పెట్టుకోవాలె. 2021 అక్టోబర్‌ల దేశం మొత్తం బొగ్గు లేక గాయిగాయి అయింది గద, అప్పుడు మన దిక్కు కొంచెం నిమ్మళంగ ఉన్నమంటే సింగరేణి పక్కనే ఉన్నదని.

ఇంకోటి యాదికి తెచ్చుకోండ్రి. 2011ల సకల జనుల సమ్మె 42 రోజులు. బాయిల పనోళ్ళం మేం గూడ దిగినం. బొగ్గు పోకపాయె, రామగుండంల ఉత్పత్తి తగ్గిపాయె, కరెంటు కోతలు మొదలైనయి. అప్పుడు అందరికి తెలిసింది మా చేతులకి, హైదరాబాద్ ఏసీలకి మధ్యల ఎంత దూరం ఉందో. దగ్గరనే ఉంది.

హైటెక్‌సిటీ_కిరణ్
బొగ్గు తక్కువైతే కరెంటు అమ్మే కొనే ఎక్స్చేంజీల కొంటరు కదా కాకా. ఇప్పుడు అరగంటకోసారి వేలం జరుగుతది.

భూపాలపల్లి_బీటెక్
కొంటరు, పైసలుంటే. 2022 ఆగస్టుల బకాయిల పేరు మీద 13 రాష్ట్రాలని ఎక్స్చేంజీల కొనకుండ ఆపిండ్రు, అండ్ల మనది గూడ ఉండె, హైకోర్టుకి పోయి తెచ్చుకున్నరు. మార్చిల యాసంగి వరి నీళ్ళకి వచ్చే టైంల, 2025ల మన డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది, ఆ వారంల గనక ఆపితే పొలాలు ఏమైతయో మీరే ఆలోచించండ్రి. కరెంటు కొనుడు గూడ ఎమర్జెన్సీ ప్లాన్‌ల భాగమే. ఖజానా శాఖ, కరెంటు శాఖ ముందే మాట్లాడుకోని ఉండాలె.

పాత_పార్టీ_మనిషి
అసలు దీనికంత కారణం కాళేశ్వరం పంపులు. 2022 వరదకి కన్నెపల్లి పంపుహౌజే మునిగింది, మళ్ళ మనం సబ్‌స్టేషన్ మునిగిందని ఏడుస్తున్నం. ఏ సర్కారు చేసిందో అందరికి ఎరుకే…

మోడరేటర్
ఇక్కడ పార్టీల ముచ్చట వద్దు. దాని మీద వేరే థ్రెడ్ ఉంది, అండ్ల రాయండ్రి. ఈడ ఎమర్జెన్సీ ప్లానింగ్ మీదనే.

పరకాల_రిటైర్డ్_లైన్‌మన్
అందరు ఫోన్ ఎత్తలేదు అంటరు. ఆ రాత్రి మేం ఏం చేస్తమో ఒకసారి చెప్త, చదువుండ్రి.

వాన గాలి వచ్చి 11 కేవీ ఫీడర్ ట్రిప్ అయితది. సబ్‌స్టేషన్ల ఉన్న ఆపరేటర్ ఒకసారి మళ్ళ ఎక్కిస్తడు. నిలబడలె అంటే లైన్ మీద ఏదో ఉన్నట్టు. అప్పుడు ఏబీ స్విచ్చులు విప్పి లైన్‌ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఎక్కించి చూడాలె. ఏ ముక్కల నిలబడకపోతే ఆ ముక్క పొంటి నడుసుకుంట పోవాలె, టార్చ్ లైటు పట్టుకొని, మోకాలు లోతు నీళ్ళల్ల, కొమ్మ పడ్డదా ఇన్సులేటర్ పగిలిందా వైర్లని కలిపే జంపర్ తెగిందా అని ఒక్కో స్తంభం మీదికి లైటు కొట్టి చూసుకుంట. దొరికినంక ఎల్‌సీ తీసుకోవాలె. అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్ల రిజిస్టర్ల రాసి, నేను మళ్ళ ఫోన్ చేసి చెప్పేదాక ఆ ఫీడర్ మీద చెయ్యి పెట్టొద్దు అని. దాని తర్వాత గూడ స్తంభం ఎక్కంగనే వైరు ముట్టం. రాడ్‌తోని రెండు దిక్కుల ఎర్తింగ్ చేసి, అంటే వైరుని భూమికి కలిపి, అప్పుడు ముడ్తం.

రెండు దిక్కుల ఎందుకంటే, పై దిక్కు నుంచి బంద్ చేసినం గాని, కింద ఎవరో ఇంట్ల జనరేటర్ పెట్టి బయటి లైన్ని, జనరేటర్ని వేరు చేసే చేంజోవర్ స్విచ్చు లేకుండ మెయిన్ బోర్డుకే గుచ్చుతడు. ఆ కరెంటు మీటర్ల నుంచి ఎనుకకి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ల ఎక్కితే, అది ఉల్టా తిరిగి 11 వేల వోల్టులు అయితది. మా వాళ్ళు పోయింది గిట్లనే. మీ ఇంట్ల ఫ్రిజ్ల పాలు పగలొద్దని పెట్టుకున్న జనరేటర్ పైన ఉన్నోని పాణం తీస్తది. జనరేటర్ ఉన్న ప్రతి ఒక్కరు ఇయ్యాల్నే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించుకొని చేంజోవర్ ఉందో లేదో చూసుకోండ్రి. మిగతా ముచ్చట తర్వాత.

ఆర్టిజన్_ఇల్లాలు
కాకా మంచి మాట చెప్పినవు. వాన మొదలైందంటే మా ఇంటాయన బయటకి పోతడు, నేను పండుకోను. ఫోన్ చేస్తే ఎత్తడు, స్తంభం మీద ఉన్నడేమో అని మళ్ళ చెయ్యబుద్ధి కాదు. జనం తిట్టే తిట్లు వింటే కడుపుల మండుతది. వాళ్ళకి రెయిన్‌కోటు, మంచి గ్లౌజులు, పొద్దున్నకి ఇంత టిఫిన్, ఇవి గూడ ప్లాన్‌ల రాయాలె.

ఓరుగల్లు_పోరడు
అక్కా, లైన్‌మన్ల మీద నాకు కోపం లేదు. వాళ్ళు పోవాలంటే తొవ్వ ఉండాలె, పడవ ఉండాలె, చెట్టు కొట్టే మిషిన్ ఉండాలె. అవి వేరే డిపార్ట్‌మెంట్ల దగ్గర ఉంటయి. నేను అడిగేది గదే.

కాజీపేట_జంక్షన్
పక్క కాలనీకి కరెంటు వచ్చింది మాకు రాలె అని మొన్న మా వాళ్ళు ఒకటే లొల్లి. కాకా అది ఎందుకట్ల అయితది?

పరకాల_రిటైర్డ్_లైన్‌మన్
మీది వేరే ఫీడర్ ఉంటది తమ్మీ. ముందు 33 కేవీ లైన్ నిలబెట్టాలె, అప్పుడు సబ్‌స్టేషన్ లేస్తది. దాని తర్వాత 11 కేవీ ఫీడర్లు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు, ఆఖరుకి మీ ఇంటి సర్వీసు వైరు. ఒక్క జంపర్ ఎక్కిస్తే వెయ్యి ఇండ్లకి వచ్చేది ముందు చేస్తం, ఒక్క ఇంటిది తర్వాత చేస్తం. పక్షపాతం కాదు.

అమ్మకి_ఆక్సిజన్
కాకా మీరు చెప్పింది అర్థమైంది గాని నా ముచ్చట గూడ వినండ్రి. మా అమ్మకి ఇంట్ల గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ మిషిన్ పెట్టినం, కరెంటు మీదనే నడుస్తది. ఇన్వర్టర్ మీద కొన్ని గంటలు లాగుతది, తర్వాత సిలిండరే. ఆ రాత్రి ఇన్వర్టర్ ఎర్ర లైటు కొట్టుడు మొదలు పెట్టింది, సిలిండర్ మీటరు ముల్లు కిందికి దిగుతుంది, బయట నడుం లోతు నీళ్ళు. తెలిసిన హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే మా జనరేటర్‌కే డీజిల్ చూసుకుంటున్నం తీసుకురాకండ్రి అన్నరు. ఆఖరుకి మేస్త్రీ పని చేసే పక్కింటాయన ట్రాక్టర్ ట్రక్కుల ఎక్కించి బయటకి తీస్కపోయిండు. వెయ్యి ఇండ్ల లెక్కల మా ఇల్లు ఒక్కటే. అది నాకు తెలుసు. అసొంటి ఇండ్లు ఏడేడ ఉన్నయో ఎవరన్న రాసి పెట్టుకున్నరా అన్నదే నా బాధ.

పరకాల_రిటైర్డ్_లైన్‌మన్
లేదు బిడ్డా. నా సర్వీసుల అసొంటి లిస్టు ఎవరూ చేతిలపెట్టలె. దవాఖానలు, నీళ్ళ పంపులు ఏ ఫీడర్ మీద ఉన్నయో మాకు నోటికి తెలుసు. ఇండ్లల్ల మిషిన్ల మీద ఉన్నోళ్ళ సంగతి తెల్వది.

డాలస్_ఓరుగల్లు
హన్మకొండల పుట్టి ఇక్కడ టెక్సాస్‌ల ఉంటున్న, 2021 ఫిబ్రవరి మంచు తుఫానుల ఉన్న నేను. ఇక్కడ 45 లక్షల ఇండ్లకి, దుకాణాలకి కరెంటు పోయింది, సర్కారు లెక్క ప్రకారమే 246 మంది చచ్చిపోయిండ్రు. మొత్తం గ్రిడ్ కూలిపోవడానికి 4 నిమిషాల 37 సెకండ్ల దూరంల ఆగింది. దాని తర్వాత విచారణల బయటపడ్డది వినండ్రి: కరెంటు ప్లాంట్లు గ్యాస్ మీద నడుస్తయి, ఆ గ్యాస్ పైపుల తోసే కంప్రెసర్లు కరెంటు మీద నడుస్తయి. లోడు తగ్గించుదామని ఫీడర్లు కట్ చేసినప్పుడు ఆ కంప్రెసర్ల కరెంటు గూడ కట్ చేసిండ్రు. ఎందుకంటే చానా గ్యాస్ కంపెనీలు మాది ముఖ్యమైన లోడు అని ఫారం నింపి ఇయ్యనే లేదు. గ్యాస్ ఆగింది, ప్లాంట్లు ఆగినయి, ఇంకా కట్ చేసిండ్రు.

పోరడు చెప్పిన డీజిల్-కరెంటు ముడి గూడ గదే. ఇక్కడ ఆ తర్వాత చట్టం చేసి ముఖ్యమైన లోడులన్నీ మ్యాపు చేయించిండ్రు, రాష్ట్రాలన్ని ఇంధన భద్రత ప్లాన్లు రాసి పంపాలె అని 2021ల కేంద్రం గూడ చట్టం చేసింది. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డరో ముందే రాసి పెట్టుకునుడు పెద్ద ఖర్చు పని కాదు.

హైటెక్‌సిటీ_కిరణ్
అమెరికాలనే అట్ల ఉంటే మనల్ని ఏం అంటవ్ భయ్యా.

డాలస్_ఓరుగల్లు
వాళ్ళు దెబ్బ తిన్నంక రాసిండ్రు, మనం దెబ్బ తినకముందు రాసుకోవచ్చు అంటున్న.

మంచిర్యాల_మామ
డీజిల్ అంటే యాదికొచ్చింది. 2024 జనవరి మొదట్ల లారీ, ట్యాంకర్ డ్రైవర్లు హిట్ అండ్ రన్ చట్టం మీద బంద్ పెడితే బంకుల కాడ లైన్లు ఎట్లుండె? హైదరాబాద్ల ఒక పిలగాడు గుర్రం ఎక్కి ఫుడ్ డెలివరీ ఇచ్చిండు, వీడియో అందరు చూసిన్రు. మా దిక్కు గూడ సీసాలు, క్యాన్లు పట్టుకొని వచ్చిండ్రు జనం. పెట్రోల్ దేశంల లేక కాదు, ట్యాంకర్ తోలేటోడు లేక. పైగ ఎక్కువ మంది పుకారు విని ఫుల్ ట్యాంకు కొట్టించుకున్నరు, అందుకే ఖాళీ అయింది. ఆ టైంల అంబులెన్సులకి, పాల బండ్లకి ఇంత పక్కకి పెట్టాలె అని బంకోనికి ఎవరు చెప్పాలె?

రామగుండం_పిల్ల
గుర్రానికైతే గడ్డి చాలు మామ 😄

సిరిసిల్ల_లాయరు
ఎవరు చెప్పాలె అంటే కలెక్టర్ చెప్పాలె. విపత్తు నిర్వహణ చట్టం 2005 ప్రకారం ప్రతి జిల్లాల కలెక్టర్ చైర్మన్‌గ అథారిటీ ఉంటది. సెక్షన్ 31 ప్రకారం జిల్లాకి ఒక ప్లాన్ ఉండాలె, ఏటేటా దాన్ని సరిచూసి మార్చాలె. ఏ డిపార్ట్‌మెంట్ ఏం చెయ్యాలె, ఎవరి బాధ్యత ఏంది అన్నీ అండ్ల ఉండాలె. సెక్షన్ 65 ప్రకారం ఆపద టైంల సరుకులు, బండ్లు, జాగలు స్వాధీనం చేసుకునే అధికారం గూడ ఉంది. అంటే డీజిల్, జనరేటర్లు, ట్రాక్టర్లు తీసుకోవచ్చు, పైసలు తర్వాత కట్టియ్యాలె. గ్రిడ్ దిక్కు వస్తే విద్యుత్ చట్టం 2003ల సెక్షన్ 37 కింద సర్కారు లోడ్ డిస్పాచ్ సెంటర్‌కే ఆదేశాలు ఇయ్యొచ్చు. చట్టం తక్కువ లేదు. ఈ రెండు చట్టాల కింద పని చేసేటోళ్ళు వానకి ముందు ఒక్క టేబుల్ కాడ కూసుంటుండ్రా లేదా అన్నదే చూడాలె.

పత్తిరైతు_నర్సంపేట
మా బాయి కాడి ట్రాన్స్‌ఫార్మర్ కాలితే రైతులమే ట్రాలీ కట్టుకొని తీస్కపోతం, దించుడు మేమే ఎక్కించుడు మేమే. మాకు ప్లాన్ గీన్ ఏడున్నది.

ములుగు_టీచరమ్మ
ఇంతసేపు చదివిన, ఇప్పుడు రాస్త. 2023 జులైల మా జిల్లా లక్ష్మిదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, రాష్ట్రంల ఎన్నడూ అంత పడలె. పక్క భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మొత్తం మునిగి జనం ఇండ్ల మీదికెక్కిండ్రు, హెలికాప్టర్ రావల్సి వచ్చింది. మా అడవి పల్లెలకి లైన్లు చెట్ల నడిమి నుంచే వస్తయి. స్తంభం పడిపోతే కరెంటు వాళ్ళు, చెట్టు కొట్టాలంటే అటవీ శాఖ, తొవ్వ తెగితే రోడ్ల శాఖ ఆర్ అండ్ బీ, వాగు దాటాలంటే రెవెన్యూ పడవ. నాలుగు శాఖలు, నాలుగు దిక్కులు. సెల్ టవర్ బ్యాటరీ అయిపోతే ఈ నలుగురికి ఫోన్ చేసుడు గూడ లేదు. మా బడిల జనం తలదాచుకున్నరు, పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే గ్యాస్ బండే అందరికి అన్నం పెట్టింది.

అయితే నాకు తెలిసి ఇదే సర్కారు, ఇవే శాఖలు, రెండేండ్లకోసారి మేడారం జాతరల ఎంత చక్కగ పని చేస్తయో మీరందరు చూసిన్రు. నెలల ముందు నుంచి మీటింగులు పెడ్తరు. జాతర జాగ మొత్తాన్ని సెక్టార్లు చేసి, ఒక్కో సెక్టార్‌కి ఒక ఆఫీసర్. కరెంటు వాళ్ళు ట్రాన్స్‌ఫార్మర్లు ముందే తెచ్చి పెడ్తరు, అదనంగ జనరేటర్లు, నీళ్ళ శాఖ, పోలీసులు, ఆర్టీసీ, దవాఖాన అందరు ఒకే కంట్రోల్ రూంల. జంపన్నవాగుల లైట్లు ఆగితే ఎవరు ఉరకాలె అన్నది గూడ పేరుతోని రాసి ఉంటది. కోటి మంది వచ్చే జాతరని అడవిల నడిపేటోళ్ళకి, జూన్‌ల వచ్చే వానకి ముందు ఒక్క వారం అట్లనే కూసునుడు రాదా? వస్తది. ఎవరూ అడగలేదు, అంతే.

గోదావరిఖని_బొగ్గుబాయి
టీచరమ్మా నువ్వు చెప్పింది లక్ష రూపాల మాట.

ఓరుగల్లు_పోరడు
ఇగ నేను అడగాల్సింది దొరికింది. మేడారం పద్ధతి.

హైటెక్‌సిటీ_కిరణ్
జాతరకి తేదీ ఉంటది టీచర్. వానకి తేదీ ఉండదు. రెండు ఒకటి ఎట్లయితయి?

ములుగు_టీచరమ్మ
తేదీ ఉండదు, నెల ఉంటది. జులై, ఆగస్టు, మళ్ళ సెప్టెంబర్ మొదలు, ఒక్కోసారి అక్టోబర్. 2022 జులైల గోదావరి, 2023 జులైల మా ములుగు, 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం కాడ రైలు పట్టాల కింద కట్ట కొట్టుకపోయింది, 2025 అక్టోబర్‌ల మొంథా తుఫాను. ఇన్ని యేండ్లు వరుసగ వచ్చినంక రాదు అనుకునుడు తప్పు.

హైటెక్‌సిటీ_కిరణ్
సరే ఆ మాట ఒప్పుకుంటున్న. కాని ముందు ఎవరికి అనే లిస్టు పెడితే అండ్ల దవాఖాన కన్నా ముందు నాయకుల ఇండ్లు ఎక్కుతయి. అందుకే నాకు లిస్టు అంటేనే నమ్మకం లేదు.

పరకాల_రిటైర్డ్_లైన్‌మన్
లిస్టు లేకుంటేనే నాయకుడు ఫోన్ చేస్తడు బాబు. కాయితం మీద ఉంటే మా అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) "సార్ ముందు డయాలసిస్ సెంటర్ రాసి ఉంది, దాని తర్వాత మీదే" అని చెప్పొచ్చు. కాయితం లేకపోతే చిన్న ఉద్యోగి ఏం ఎదురు చెప్తడు. నేను అనుభవించిన.

అమ్మకి_ఆక్సిజన్
కాకా చెప్పింది నిజం. పబ్లిక్‌ల పెట్టాలె, గోడ మీద అంటియ్యాలె. అందరు చూస్తుంటే మార్చుడు కష్టం.

కరీంనగర్_కిరాణం
ఇంట్ల ఆక్సిజన్ ఉన్నోళ్ళ అడ్రసు గోడ మీద అంటిస్తే ఎట్ల, అది సొంత విషయం కదా.

అమ్మకి_ఆక్సిజన్
పేర్లు వద్దు. ఫీడర్ వారీగ ఎన్ని ఇండ్లు అన్నది చాలు. పేర్లు ఆశ వర్కర్ దగ్గర ఉంటయి, మా ఆశక్కకి ఎవరి ఇంట్ల ఏ మిషిన్ ఉందో అంత తెలుసు.

రామగుండం_పిల్ల
ఆశ వర్కర్, లైన్‌మన్ ఒకరి నంబర్ ఒకరి దగ్గర ఉంటే సగం పని అయితది. రూపాయి ఖర్చు లేదు.

భూపాలపల్లి_బీటెక్
ఇది చాలా మంచి ముచ్చట. నేను ఒకటి కలుపుత: ప్లాన్‌ల మనుషుల భద్రత గూడ ఉండాలె. 2020 ఆగస్టుల శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ పవర్‌హౌజ్‌ల మంటలు అంటుకుంటే 9 మంది పోయిండ్రు. ఆర్పుదామని లోపలనే ఉన్నోళ్ళు. రాష్ట్రాన్ని చీకట్ల నుంచి లేపాల్సిన స్టేషన్ అది. బయటకి వచ్చే తొవ్వ, పొగ పోయే ఏర్పాటు ఇవి గూడ ఎమర్జెన్సీ ప్లానే.

సిరిసిల్ల_లాయరు
మరి పోరడు ఏం చేస్తవ్? కలెక్టరేట్ల జరిగే ప్రజావాణిల అర్జీ ఇయ్యి, దాంతో పాటు ఆర్టీఐ వెయ్యి. ఆర్టీఐకి 30 రోజుల్ల జవాబు రావాలె. "ప్లాన్ ఉందా" అని అడగకు, ఉంది అని ఒక్క మాట రాస్తరు. కాపీ అడుగు. ఆఖరుసారి ఏ తేదీన సరిచూసిండ్రు, ఆ మీటింగ్‌కి ఏ ఏ శాఖల నుంచి ఎవరు వచ్చిండ్రు, మినిట్స్ కాపీ. సరఫరా ఆలస్యం మీద నీ సొంత ఫిర్యాదు ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబర్ 1912కి చేసినప్పుడు ఇచ్చిన నంబర్ దాచుకొని వినియోగదారుల పరిష్కార వేదికకి పో, అక్కడ కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్. కాని ప్రకృతి విపత్తుకి నష్టపరిహారం వస్తదని ఆశ పెట్టుకోకు, దానికి మినహాయింపు ఉంటది.

ఓరుగల్లు_పోరడు
పరిహారం నాకు వద్దన్నా. ఇప్పటిదాక అందరు చెప్పింది పెట్టుకొని రాసిన, చూడుండ్రి:

జిల్లా విపత్తు ప్లాన్ కాపీ, ఆఖరుసారి మార్చిన తేదీ, మీటింగ్ మినిట్స్. సబ్‌స్టేషన్లల్ల నీళ్ళు నిలిచే కాడ ఉన్నయి ఎన్ని, వాటికి తోడే మోటర్లు ఏ శాఖ దగ్గర ఉన్నయి. దవాఖాన, నీళ్ళ పంపు, డయాలసిస్ సెంటర్‌లకి రెండో ఫీడర్ నుంచి కరెంటు తీసుకునే వీలు ఉన్నదా. ఆపద టైంల డీజిల్ పక్కకి పెట్టాల్సిన బంకులు ఏవి, వాటికి నడిచే జనరేటర్ ఉన్నదా. అడవి మండలాలల్ల చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి ఉన్నదా. మేడారం లెక్క సెక్టార్ ఆఫీసర్లని వానాకాలానికి పెట్టిండ్రా.

ములుగు_టీచరమ్మ
సెల్ టవర్ల సంగతి మర్చిపోయినవ్. ఏ టవర్‌కి జనరేటర్ ఉంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తది.

ఆర్టిజన్_ఇల్లాలు
రాత్రి డ్యూటీల స్తంభం ఎక్కేటోళ్ళకి గ్లౌజులు, బెల్టు, ఎర్త్ రాడ్లు ఎన్ని ఇచ్చిండ్రు, ఎప్పుడు ఇచ్చిండ్రు అని గూడ అడుగు తమ్మీ.

పరకాల_రిటైర్డ్_లైన్‌మన్
అది నంబర్ ఒకటి మీద పెట్టు.

ఓరుగల్లు_పోరడు
రెండు కలిపిన, ఎర్త్ రాడ్లది మొదటి ప్రశ్న చేసిన. హన్మకొండ, ములుగు, భూపాలపల్లి మూడు జిల్లాలకి వేర్వేరుగ వేస్తున్న. మంచిర్యాల, కరీంనగర్ వాళ్ళు ఎవరన్న ఇదే కాయితం పట్టుకొని మీ దిక్కు వెయ్యుండ్రి.

మంచిర్యాల_మామ
మంచిర్యాల నాది. కాయితం ఈడనే పూర్తిగ పెట్టు, ప్రింట్ తీసుకుంట.